చింతపండుకు బదులు కుర్చీలు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది, జనవరి మొదటి వారంలో నన్ను బెంగళూరు ప్రధాన కార్యాలయం నుంచి హోసూరు క్షేత్ర కార్యాలయానికి సీనియర్ ప్రోగ్రామ్ ఆఫీసరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు అప్పటికి రెండేళ్లు మిగిలి ఉన్నాయి. మాది ప్రభుత్వ శాఖ కాదు, పేరు ఇక్కడ అవసరం లేని ఒక ధార్మిక ట్రస్టు. ఊళ్లలో పనిచేసే చిన్న సంఘాలకు గ్రాంటు ఇవ్వడం దాని పని. ఎవరికి ఇవ్వాలి, దేనికి ఇవ్వాలి, ఇచ్చింది అందుకే ఖర్చయిందా అని చూడడం నా పని. క్షేత్ర కార్యాలయం అంటే పెద్దగా ఊహించుకోకండి. కింద టైర్ల కొట్టు, పైన మేము. నేను, ఒక గుమాస్తా, ఒక ప్రింటరు. ముగ్గురిలో ప్రింటరుకే పలుకుబడి ఎక్కువ, అది మొరాయించిన రోజు ఆఫీసుకు సెలవే.

నేను పుట్టింది కావేరిపట్టణంలో. మా తాత నాటి నుంచి అక్కడ మాకు మండీ ఉంది. చింతపండు, రాగులు, వేరుశనగ కొంటారు, అమ్ముతారు. మా తమ్ముడి కొడుకులు ఇప్పటికీ నడుపుతున్నారు. నేనొక్కణ్ణే మండీ లెక్కలకు భయపడి చదువులోకి పారిపోయి, తిరిగి తిరిగి ఊరందరి లెక్కలూ చూసే ఉద్యోగంలో పడ్డాను. ఇంట్లో ఏ పెళ్లి జరిగినా ఎవరో ఒకరు ఈ సంగతి గుర్తుచేసి నవ్వుతారు. ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయే పొరపాటు మండీ ఇంట్లో పుట్టినవాడు తప్ప ఇంకొకడు చేయలేడు.

మా పద్ధతి ఇలా ఉండేది. సంఘం ఒక ప్రతిపాదన పంపుతుంది. ప్రోగ్రామ్ ఆఫీసరు దాన్ని చదివి, ఊరికి వెళ్లి చూసి, పరిశీలన నోటు రాస్తాడు. ప్రతి ఖర్చుకూ ఎదురుగా సిఫారసు, సవరణ, తొలగింపు, ఈ మూడింటిలో ఒకటి రాయాలి. ఆ నోటు బెంగళూరులో డైరెక్టరు దగ్గరికి, అక్కడి నుంచి మూడు నెలలకొకసారి కూర్చునే బోర్డు ముందుకు పోతుంది. ఆఫీసరుకు మంజూరు చేసే అధికారం లేదు. తొలగించే అధికారం మాత్రం నిండుగా ఉంటుంది. ఆఫీసరు తొలగించినదాన్ని బోర్డు మళ్లీ తెరిచి చూసిన సందర్భం నా సర్వీసులో ఒక్కటీ లేదు.

ఆ ఏడాది హోసూరుకు కొత్త పథకం ఒకటి వచ్చింది. లైంగిక హింసకు గురైన స్త్రీలు తేరుకోవడానికి ఊరి మనుషుల తోడ్పాటు అని దాని పేరు. పోలీసు స్టేషను, ఆసుపత్రి, సర్కారు సహాయ కేంద్రం, కోర్టు, వీటన్నిటికీ ఎవరో ఒకరి బడ్జెట్టు ఉంటుంది. జరిగిన మొదటి వారంలో చుట్టూ మనుషులూ ఉంటారు. ఆ తర్వాత వచ్చే నెలలు, కొందరికి ఏళ్లు, ఎవరి బడ్జెట్టులోనూ ఉండవు. గడప దాటడం, నిద్ర పట్టడం, బస్సెక్కడం, వాయిదాకు పోవడం, మళ్లీ నలుగురిలో కూర్చుని అన్నం తినడం, ఇవన్నీ ఆ నెలల్లో జరగాలి. వాటికి మనిషి తోడు కావాలి. ఆ తోడుకు అయ్యే ఖర్చు మేము భరించాలన్నది పథకం. ఆలోచన మంచిదే. అమలు చేయవలసినవాణ్ణి నేను కావడమే దానికొచ్చిన చిక్కు.

నా బల్ల మీదికి వచ్చిన మొదటి ప్రతిపాదన మునిరత్నమ్మది. ఉద్దనపల్లి నుంచి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో ఆమె మహిళా సంఘం నడిపేది. ఊరి పేరు రాయను. ఆమెకు యాభై దాటి ఉంటాయి. అంగన్‌వాడీలో పనిచేసి మానుకున్న మనిషి కనుక ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏం జరిగిందో ఆమెకు తెలుసు, ఎవరికీ చెప్పదన్న సంగతి అందరికీ తెలుసు. పట్టుపురుగుల పెంపకం మానేసిన ఒక రైతు తన పాత షెడ్డును ఆమె సంఘానికి వదిలేశాడు. అందులో పదిమంది దాకా స్త్రీలు కలుసుకునేవారు. కొందరు హింసకు గురైనవారు, కొందరు వారికి తోడు నిలిచినవారు. ఎవరు ఎవరో బయటివారికి తెలియదు, రిజిస్టరులో పేర్లు కూడా ఉండవు. హింసకు గురైనవారి పేరు బయటపడకూడదని చట్టమే చెబుతుంది.

ప్రతిపాదనలో బస్సు ఖర్చులున్నాయి, కృష్ణగిరి నుంచి నెలకు రెండుసార్లు వచ్చే కౌన్సెలింగ్ మేడమ్ ఫీజు ఉంది. మూడో వరుసలో చింతపండు ఉంది. పెంకు తీయని చింతపండు మూటలు, దాన్ని ఒలిచి గింజ తీసేవారికి కూలి. ఒలిచిన పండు సంతలో అమ్మగా వచ్చిన దానితో మళ్లీ మూటలు కొంటామని కింద రాశారు.

నా ముక్కు పుటాలు అదిరాయి. చింతపండు వ్యాపారం నాకు తెలియదా? పెంకుతో కొంటే ధర ఎంత, గింజ తీసి అమ్మితే ఎంత, నా ఒంట్లో రక్తం ఆ లెక్క దానంతటదే వేసేసింది. ఎవరో గట్టి బుర్ర ఉన్నవాళ్లు మా ట్రస్టు డబ్బుతో మండీ పెడుతున్నారని తేల్చుకున్నాను. మునిరత్నమ్మను ఆఫీసుకు పిలిపించి, స్వస్థతకూ చింతపండుకూ సంబంధం ఏమిటని అడిగాను. చెబితే అర్థమయ్యేది కాదని, ఒక పూట వచ్చి కూర్చుంటే తెలుస్తుందని ఆమె చెప్పింది. మగ ఆఫీసర్లు ఇలాంటి కేంద్రాల లోపలికి పోకూడదని మా నియమావళిలో ఉందని గుర్తుచేశాను. ఆ వాక్యం కూర్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి కావడంతో ఆ మాట కొంచెం గర్వంగానే చెప్పినట్టున్నాను.

మూడో వరుస ఎదురుగా 'తొలగింపు' అని రాశాను. కారణం: ఇది వ్యాపార కార్యకలాపం, పథకం పరిధిలోకి రాదు. సంఘానికి అన్యాయం జరగకూడదని ఆ డబ్బును కుర్చీలకు మళ్లించాను. గుండ్రంగా వేసుకుని కూర్చోవడానికి పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు, రాసి చూపడానికి ఒక తెల్ల బోర్డు. ఇలా కుర్చీలు వలయంగా వేసి మనసులో మాట చెప్పించే పద్ధతిని బెంగళూరులో ఒక శిక్షణలో చూశాను. ఆ శిక్షణలో మేమంతా ఆఫీసర్లమే, మాట్లాడమంటే ఆగేవాళ్లం కాము. అదే పద్ధతి ఎక్కడైనా పనిచేస్తుందనుకున్నాను. డైరెక్టరుగారు నోటు చదివి బాగా రాశావని ఫోన్ చేశారు. మునిరత్నమ్మకు మంజూరు పత్రం ఇస్తూ నేనే శుభవార్త చెప్పాను. ఆమె చదివి మడిచి సంచిలో పెట్టుకుంది.

"కుర్చీలు మంచివే సార్. ఊళ్లో పెండ్లిండ్లకు కూడా పనికొస్తాయి" అంది.

అది మెచ్చుకోలు అనుకున్నాను.

నెల తిరగకముందే కుర్చీలు దిగాయి. వీపున ట్రస్టు పేరు ఎర్ర రంగుతో రాయించాం. అది కూడా నియమావళిలో ఉన్నదే. నేను తనిఖీకి వెళ్లాను. తనిఖీ అంటే, లోపలికి పోకూడదు కనుక, రోడ్డు పక్క టీ కొట్టులో కూర్చోవడం. మునిరత్నమ్మ వచ్చి కాగితాలు చూపించి వెళ్లింది. కొట్టాయన టీ పోస్తూ, షెడ్డుకు కుర్చీలొచ్చినాయి, ఏమి మీటింగు సార్ అని అడిగాడు. పక్కన కూర్చున్న ఇద్దరు కూడా అదే అడిగారు. ఏదో మహిళల కార్యక్రమం అని తప్పించుకున్నాను. ఇన్నాళ్లుగా ఆ షెడ్డు గురించి ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదని, నా కుర్చీలు ఆటో దిగాకే ఊరికి అనుమానం వచ్చిందని నాకు తట్టలేదు. రెండో టీ కూడా తాగి తృప్తిగా తిరిగి వచ్చాను.

సంఘాలు నెలకొక నివేదిక పంపాలి. సాధారణంగా అందులో అంతా బాగుందనే ఉంటుంది. మునిరత్నమ్మకు ఆ మర్యాద తెలియదు. ఆమె మొదటి నివేదిక నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "వచ్చినవాళ్లు ఐదుగురు. మాట్లాడినవాళ్లు ఒకరు. ఆ ఒకరు కౌన్సెలింగ్ మేడమ్." పదిహేను రోజులకు ఆమె అడగకుండానే ఇంకొకటి పంపింది. "వచ్చినవాళ్లు ఇద్దరు. కుర్చీలు పదిహేనూ బాగున్నాయి."

నాకు ఒళ్లు మండింది. కొత్త పద్ధతికి అలవాటు పడడానికి కొంత కాలం పడుతుందని బదులు రాశాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటారు కదా, నా కుందేలుకు ఆ నెలలో రెండే మిగిలాయి. అయినా నేను పట్టు వదల్లేదు.

ఆ ఆదివారం ఇంట్లో మా ఇంటామె నానబెట్టిన అనపగింజలు ముందు పోసుకుని పితికిపప్పుకు ఒక్కొక్కటే పొట్టు ఊడేలా పితుకుతోంది. పక్కింటి ఆమె కూడా ఒక గిన్నె పట్టుకుని వచ్చి కూర్చుంది. ఇద్దరూ గింజలు పితుకుతూ గంట సేపు మాట్లాడుకున్నారు. పక్కింటి ఆమె తన కూతురి కాపురం గురించి, ఎవరికీ చెప్పుకోని సంగతి ఒకటి, తల ఎత్తకుండా చెప్పింది. నేను పక్క గదిలో ఉన్నానన్న ధ్యాస కూడా ఆమెకు లేదు. ఆమె వెళ్లాక నేను మునిరత్నమ్మ నివేదికల గురించి మా ఇంటామెకు చెప్పి వాపోయాను. ఆమె అంతా విని, పెళ్లయిన ఇన్నేళ్లలో తాను చేతులు ఖాళీగా పెట్టుకుని, ఎదురుగా కుర్చీ వేసుకుని ఎవరితోనైనా కష్టం చెప్పుకోవడం నేనెప్పుడైనా చూశానా అని అడిగింది. లేదన్నాను. ఆడవాళ్లకు తీరిక లేక అలా చేస్తారనుకున్నానే గానీ, అలా అయితేనే నోరు పెగులుతుందని అనుకోలేదన్నాను.

"మండీ వదిలి నలభై ఏండ్లయినా చింతపండు అంటే మీకు ధరే కనపడతాది. చింత చచ్చినా పులుపు చావలేదు" అంది.

అప్పటికీ నేను నవ్వి ఊరుకున్నాను. మరుసటి మంగళవారం మునిరత్నమ్మ ముందుగా చెప్పకుండా ఆఫీసుకు వచ్చింది. ఆ రోజు ఆమె ముఖంలో వెక్కిరింత లేదు.

ఆమె చెప్పింది ఇదీ. షెడ్డుకు వచ్చే వాళ్లలో ఒక అమ్మాయి ఉంది. గిరిజ అనుకుందాం, అది అసలు పేరు కాదు. ఇరవై రెండేళ్లు. తల్లి లేదు, అవ్వ దగ్గర పెరిగింది. సొంత పొలం ఉన్న కుటుంబం. రెండేళ్ల కింద తెలిసిన మనిషే ఆమె మీద అఘాయిత్యం చేశాడు. అంతకంటే నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కేసు పెట్టారు, అతను బెయిలు మీద వచ్చి పక్క ఊళ్లోనే తిరుగుతున్నాడు. గిరిజ ఏడాది పైగా ఇల్లు కదల్లేదు. పోయిన చింతపండు కాలంలో మునిరత్నమ్మ వాళ్లింటికి పోయి, మూటలు దిగినాయి, మనిషి తక్కువయింది, అమ్మాయిని పంపమని అవ్వను అడిగింది. పని కదా, అవ్వ పంపింది. అలా మొదలైంది. మొదటి రోజుల్లో గిరిజ ఒక్క మాటా మాట్లాడకుండా గింజలు తీసి పోయేది. తర్వాత ఇద్దరితో కలిసి నడిచి వచ్చేది. కాలం ముగిసేసరికి జరిగింది మొత్తం వాళ్లకు చెప్పింది. పోలీసులకు కూడా అంత వివరంగా చెప్పలేదట.

ఇప్పుడు కృష్ణగిరి కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పవలసిన వాయిదా మూడు వారాల్లో ఉంది. పోయినేడు మూటలు అప్పు మీద తెచ్చుకున్నారు, ఈ ఏడాది మా గ్రాంటును నమ్ముకోవడంతో అవి దిగలేదు. షెడ్డుకు ఏం పనికి పోతున్నావని వీధిలో అడిగితే చెప్పడానికి ఏమీ లేదు, పైగా అక్కడ కుర్చీలు వేసి మీటింగు పెడుతున్నారని ఊరంతా తెలిసిపోయింది. అవ్వ తలుపు దాటనివ్వడం లేదు. గిరిజ కూడా మళ్లీ మునుపటిలా మూలన కూర్చుంది.

"కోర్టుకు పోనంటా ఉండాది సార్. ఆడ అంతమంది ముందర నోరు రాదంటాది" అంది మునిరత్నమ్మ. "ఆ పాప చెప్పకపోతే కేసులో ఏముండాది? కాయితాలే."

నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే ముందు భయం వేసింది. సర్వీసులో అంతకుముందు నేను పెట్టిన కోతలు ఎవరి మీద పడ్డాయో నాకు తెలియదు, తెలుసుకునే వీలూ లేదు. ఇది మాత్రం ఎవరి మీద పడిందో ఎదురుగా కూర్చున్న మనిషి చెబుతోంది. మండీకి ఫోన్ చేసి తమ్ముడి కొడుకుతో నాలుగు మూటలు పంపించమందామన్న ఆలోచన వెంటనే వచ్చింది. కానీ గ్రాంటు తీసుకునే సంఘానికి ఆఫీసరు బంధువు సరుకు పంపితే, రేపు అది సంఘానికే మచ్చ. కాబట్టి దారి ఒకటే. తొలగింపును తొలగించాలి. అందుకు పునఃపరిశీలన నోటు రాయాలి, అందులో మొదటి నోటు తప్పని రాయాలి, ఆ తప్పు చేసిన అధికారి పేరు ఎదురుగా నా సంతకం పెట్టాలి.

డైరెక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన మంచివాడే గానీ బోర్డంటే వణుకు. బోర్డు కూర్చోవడానికి ఇంకా నెల పైనే ఉంది, అప్పటికి చింతపండు కాలమే అయిపోతుంది. డైరెక్టరు చేతిలో అత్యవసర నిధి అని కొంచెం ఉంటుంది, బోర్డు లేకుండా ఆయనే ఇవ్వవచ్చు. దాన్ని వాడమన్నాను. అక్కడేం జరుగుతుందో నేను కళ్లారా చూశానా అని ఆయన అడిగారు. చూడలేదన్నాను. చూసి రాయమన్నారు. ఆయన అడిగింది న్యాయమే. చూడకుండా కోసినవాణ్ణి, చూడకుండా అతికిస్తానంటే ఎవరు నమ్ముతారు?

నియమావళిలో ఒక మినహాయింపు ఉంది. లోపల ఉండే స్త్రీలందరూ ఒప్పుకుంటే మగ ఆఫీసరు పోవచ్చు. మునిరత్నమ్మ ఒక్కొక్కరి ఇంటికి పోయి అడిగింది. రెండు రోజులకు జవాబు వచ్చింది. రావచ్చు. పెన్ను తేకూడదు, ఫోను తేకూడదు, ఏమీ అడగకూడదు, ఊరికే కూర్చోకూడదు. అందరితో పాటు చింతపండు ఒలవాలి. ఆ రోజుకు మూటలు లేవు కనుక ఎవరింట్లో ఉన్నది వాళ్లు తెస్తారు. ఇన్నేళ్లు నేను సంఘాలకు షరతులు పెట్టాను. నాకు షరతులు రావడం అదే మొదలు.

పొద్దున పదింటికి వెళ్లాను. కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి మూల పెట్టి ఉన్నాయి, పైన తెల్ల బోర్డు. కింద గోనె పట్టాలు పరిచి తొమ్మిది మంది కూర్చున్నారు. ఒకామె పక్కన ముసలావిడ ఉంది. పని మళ్లీ మొదలైందంటే నమ్మక, మనవరాలిని తానే వెంటబెట్టుకుని వచ్చిన అవ్వ ఆమె. నాకు వాకిలి దగ్గర చోటు చూపించారు. కూర్చోవడానికి నా మోకాళ్లు చాలాసేపు తీసుకున్నాయి. ఒక రాయి, చిన్న సుత్తి, ఒక గంప ముందు పెట్టారు.

మండీ ఇంట్లో పుట్టి మూటల మీద పడి పెరిగినవాణ్ణి, చింతపండు ఒలవడం నాకు రాదని ఆ రోజు తేలింది. మెల్లగా కొడితే పెంకు రాదు, గట్టిగా కొడితే గింజ పండులోకి దిగిపోతుంది. అరగంట తర్వాత అవ్వ నా గంపలోంచి ఒక ముద్ద తీసి వేళ్లతో విప్పి చూసింది.

"ఏమప్పా, గింజ లోపలే పెట్టి తూకం వేసేది మీ మండీలో అలవాటా?" అంది.

మాది మండీ ఇల్లని మునిరత్నమ్మ ముందే చెప్పినట్టుంది, షెడ్డంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. మా తాత వింటే అప్పటికప్పుడు మండీ మూసేసేవాడు. అవ్వ ముద్ద తిరిగి నా గంపలో వేసి, మళ్లీ తీయమంది. ఆ తర్వాత ఎవరూ నన్ను పట్టించుకోలేదు.

కొంతసేపటికి మాటలు మొదలయ్యాయి. మొదట కూరగాయల ధర, ఎవరి ఆవో ఈనిన సంగతి. సుత్తి చప్పుళ్ల మధ్య మాట ఆగేది, మళ్లీ సాగేది. ఎవరూ ఎవరి ముఖమూ చూడడం లేదు. ఆ తర్వాత వాళ్లు మాట్లాడుకున్నవి రాయడానికి నాకు అనుమతి లేదు, ఉన్నా రాయను. ఒక మాట కష్టంగా వచ్చినప్పుడు పక్కనున్నామె తన గంపలోంచి గుప్పెడు తీసి ఆమె గంపలో వేసేది. ఆమె అది ఒలుస్తూ మళ్లీ మాట అందుకునేది. ఏడిచినామె ఏడిచింది. చేతులు మాత్రం ఆగలేదు. ఇన్ని శిక్షణలకు పోయాను, అంత క్రమంగా జరిగిన కూటం నేను ఎక్కడా చూడలేదు.

అవ్వ పక్కన కూర్చున్న అమ్మాయి అంతవరకూ మాట్లాడలేదు. మధ్యాహ్నం నేను లేవబోతుంటే తల ఎత్తకుండా నాతోనే అంది.

"సార్, ఆ కుర్చీల్లో ఒకనాడు కూర్చున్నాను. అందరూ నా మొగమే చూస్తా ఉన్నట్లుండె. ఈడైతే అందరూ చింతపండే చూస్తారు. నేను కూడా దాన్నే చూస్తా చెప్పేస్తాను." ఒక గింజ తీసి పక్కన వేసి మళ్లీ అంది. "ఇది మీ కాయితంలో రాయండి."

సరేనమ్మా అన్నాను.

ఆ సాయంత్రమే నోటు రాశాను. మొదటి వాక్యం: గత నోటులో చింతపండు పద్దును తొలగించడం నా పొరపాటు, సంఘానిది కాదు. తర్వాత మూడు కారణాలు రాశాను. ఇంటి నుంచి బయటికి రావడానికి ఊరు ఒప్పుకునే పని అది. సొంత చేతి కూలి అది. మాట్లాడేటప్పుడు కళ్లు నిలపడానికి చోటు కూడా అదే. మూడో కారణం ఒక సభ్యురాలి మాటల్లోనే, ఆమె అనుమతితో, పేరు లేకుండా ఇచ్చాను. డైరెక్టరుగారు చదివి, అంతా బాగుంది గానీ చింతపండు అన్న మాట లేకుండా రాయలేమా అన్నారు. శ్రమ ఆధారిత సామూహిక స్వస్థత సామగ్రి అని రాస్తే బోర్డుకు గౌరవంగా ఉంటుందట. ఆ పేరుతో ఏ కొట్టుకు పోయి అడిగినా సరుకు ఇవ్వరండీ అన్నాను. ఆయన నవ్వి, చింతపండు అన్న మాటతోనే మూడో రోజు సంతకం పెట్టారు.

రాయకోట సంత నుంచి మూటలు ఆటోలో దిగాయి. ఈసారి టీ కొట్టాయన ఏమీ అడగలేదని మునిరత్నమ్మ చెప్పింది. గిరిజ రోజూ వచ్చింది. వాయిదా రోజు నేను కృష్ణగిరి వస్తానన్నాను. వద్దని మునిరత్నమ్మ ఖండితంగా చెప్పింది. నేనొస్తే ఆఫీసరొచ్చినాడని నలుగురూ చూస్తారని, ఆ చూపులు లేకుండా చేయడానికే ఇంత పాటు పడ్డామని అంది. అందుకని హోసూరులోనే కూర్చున్నాను. ఆ రోజు ఒక్క కాగితం కూడా చదవలేకపోయాను. గుమాస్తా రెండుసార్లు, ఒంట్లో బాగాలేదా సార్ అని అడిగాడు.

ఆరుగురు ఆడవాళ్లు, అవ్వ, గిరిజ కలిసి పొద్దున బస్సుకు పోయారు. ఇలాంటి విచారణ మూసిన గదిలో జరుగుతుంది. గిరిజతో మునిరత్నమ్మను ఒక్కదాన్నే లోపలికి పోనిచ్చారు. మిగిలినవాళ్లు వరండాలో కూర్చున్నారు. ఒకామె ఇంటి నుంచి తెచ్చిన సంచి విప్పి కింద గుడ్డ పరిచింది. సగం ఒలిచిన చింతపండు. అందరూ చేతులు పెట్టారు. కోర్టు అటెండరు వచ్చి ఇదేమన్నా సంత అనుకున్నారా అని గదమాయించాడట. చప్పుడు రాకుండా వేళ్లతోనే తీస్తా ఉండాము, మా పాప బయటికి వచ్చేదాకా చేతులకు పని కావాల కదప్పా అని అవ్వ జవాబు చెప్పిందట. అతను అడ్డం లేకుండా గోడ వారకు జరగమని చెప్పి పోయాడట.

మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ మోగింది.

"చెప్పింది సార్" అంది మునిరత్నమ్మ. "అంతా చెప్పింది. మధ్యలో ఒకసారి నీళ్లు అడిగింది, అంతే. అవతలి లాయరు తిప్పి తిప్పి అడిగినా మాట మార్చలేదు. చెప్పేటప్పుడు ఒళ్లో చేతులు చూసుకుంటా చెప్పింది. జడ్జమ్మ, ఏమమ్మా తల ఎత్తు అని ఒకసారి కూడా అనలేదు."

నాకు కన్నీళ్లు వచ్చాయి. మునిరత్నమ్మకు అర్థమైనట్టుంది, బస్సొచ్చింది అని ఫోన్ పెట్టేసింది.

ఆ కేసు నేను విరమణ చేసేనాటికి నడుస్తూనే ఉంది. తీర్పు ఎలా వచ్చినా, ఆమె చెప్పవలసింది చెప్పింది. బోర్డుకు పోయే మూడు నెలల నివేదికలో 'ఫలితం' అన్న గడిలో మునిరత్నమ్మ రాసింది ఒక్క వాక్యం: ఒకరు కోర్టులో చెప్పినారు, ఇప్పుడు ఒంటరిగా సంతకు పోయి వస్తా ఉండారు. రుజువుగా ఫోటో జతచేయాలన్నది నియమం. జతచేయలేదు. రుజువు అవసరం లేదని పక్కన రాసి నేను సంతకం పెట్టాను. ఆ మాట నా సర్వీసులో అంతకుముందు ఎన్నడూ రాయలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగేది కొంచెమే. దెబ్బతిన్న మనిషి ఏ పని చేస్తూ తేరుకుంటుందో ఆమెకూ, ఆమె పక్కన కూర్చున్నవారికీ తెలుస్తుంది. డబ్బు ఇచ్చేవాడికి తెలియదు. తెలియనప్పుడు వాళ్లు అడిగింది ఇవ్వాలి. మనకు తోచింది ఇవ్వడం వల్ల ఆ ఊళ్లో ఒక అమ్మాయి ఆరు వారాలు మళ్లీ మూలన కూర్చుంది. ఆ ఆరు వారాలను ఏ పునఃపరిశీలన నోటుతోనూ నేను వెనక్కి ఇవ్వలేకపోయాను.